అల్లినంతకి కూలి, మిగిలిన దారం వెనక్కి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మాది నరసాపురం మండలంలో గోదావరి గట్టుకి దగ్గర్లో ఉన్న ఊరు. ముప్పై ఏళ్ళుగా లేసు అల్లుతున్నాను. మా అమ్మాయి కంటి ఆపరేషన్‌కి జూన్ 14న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 25,000 రూపాయలు అడ్వాన్సు కట్టాం. జూన్ 28న ఆపరేషన్ వద్దని చెప్పాం. డబ్బు చేతికి వచ్చేసరికి ఆగస్టు 19 అయింది. అంటే 52 రోజులు. వచ్చేసింది కదా, ఇంకా ఉత్తరాలెందుకు అని మా ఆయన అన్నారు. ఒక్క డబ్బు సంగతే అయితే నేనూ రాసేదాన్ని కాదు. ఆ పాతిక వేలు పోతాయన్న భయంతో మా పిల్ల వద్దనుకున్న ఆపరేషన్‌కి మళ్ళీ సరేనంది. ఇంకో ఇంట్లో ఆ పరిస్థితి రాకూడదని రాస్తున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

అమ్మాయికి ఆరో తరగతిలో కళ్ళజోడు వచ్చింది. ఇప్పుడు 20 ఏళ్ళు, పాలకొల్లులో డిగ్రీ చదువుతోంది. కుడి కంటికి మైనస్ 5.5, ఎడమ కంటికి మైనస్ 5. స్నేహితురాలి స్కూటీ వెనక కూర్చుని కాలేజీకి వెళ్తుంది. ముందు చేపల లారీ పడిందంటే దాన్నుంచి కారే ఐసు నీళ్ళు తుంపర్లుగా వచ్చి అద్దాల మీద పడతాయి. చున్నీతో తుడిస్తే మరకలు. వానాకాలం వస్తే ఆవిరి. చుట్టాల్లో పెళ్ళి మాటలు వచ్చినప్పుడల్లా "పిల్ల బంగారం, ఆ జోడు ఒక్కటీ లేకపోతే..." అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట నేను చెవిన పెట్టను కానీ తను పెట్టుకుంటుంది. లేజరు ఆపరేషన్ చేయించుకుంటానని రెండేళ్ళుగా అడుగుతోంది. అది తప్పు కోరిక అని నేను ఏనాడూ అనుకోలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూది మొన మీద చూపు నిలిపి బతికేదాన్ని. కంటి విలువ నాకు ఒకరు చెప్పాలా?

మే నెలలో మీ పేపరు జిల్లా పేజీలోనే ఒక ప్రకటన చూశాం. కళ్ళజోడుకి సెలవు, నొప్పి లేదు, కుట్లు లేవు, ఈ నెలాఖరు వరకే తగ్గింపు అని. ఆ ముక్క కత్తిరించి అమ్మాయి పుస్తకంలో పెట్టుకుంది. నేను డ్వాక్రా సంఘంలో 20,000 అప్పు తీసుకున్నాను. లేసు కూలి డబ్బుల్లోంచి పోస్టాఫీసులో వేసుకున్నవి కొన్ని తీశాను. జూన్ 14, శనివారం, తల్లీకూతుళ్ళం రైలెక్కి ఆ పట్నం వెళ్ళాం.

పరీక్షలకి ముందుగా 3,000 కట్టించుకున్నారు. అది న్యాయమే, పరీక్షలు చేశారు, రశీదు ఇచ్చారు. అమ్మాయి కళ్ళలో చుక్కల మందు వేసి కూర్చోబెట్టి, ఒక మిషను దగ్గర్నుంచి ఇంకో మిషను దగ్గరికి తిప్పారు. డాక్టరు గారు ఐదు నిమిషాలు చూసి "చేయొచ్చు" అన్నారు. అక్కణ్ణుంచి ఇంకో గదిలోకి పంపారు. ఆ గదిలో కూర్చునే అమ్మాయిని కౌన్సిలర్ అంటారు. డాక్టరూ కాదు, నర్సూ కాదు. డాక్టరు గారు ఐదు నిమిషాలు మాట్లాడితే ఈ అమ్మాయి ముప్పావు గంట మాట్లాడింది. రెండు కళ్ళకీ కలిపి 84,000 అంది. "ఆంటీ, ఈ రోజే అడ్వాన్సు కడితే 72,000కి చేయిస్తాను. రేపొస్తే ఈ రేటు నా చేతిలో ఉండదు" అంది. ఇన్సూరెన్సు వస్తుందా అని అడిగాను. పవరు 7.5 కంటే తక్కువైతే కంపెనీలు ఇవ్వవని చెప్పింది. అది నిజమేనని తర్వాత తెలుసుకున్నాను. అంటే ఇలాంటి ఆపరేషన్‌కి మాలాంటివాళ్ళు పెట్టే ప్రతి రూపాయీ ఇంట్లోంచి తీసిందో, అప్పు తెచ్చిందో అయి ఉంటుంది.

పన్నెండు వేలు తగ్గుతాయంటే నాకు ఆశ పుట్టింది. పన్నెండు వేలంటే నాకు ఎన్ని నెలల అల్లికో నాకు తెలుసు. అక్కడికక్కడే ఫోన్‌పేలో 25,000 కట్టాం. జూలై 3కి ఆపరేషన్ రాశారు. ఐదు కాగితాలు ముందు పెట్టి, టిక్కు పెట్టిన చోటల్లా సంతకాలు పెట్టమన్నారు. ఇక్కడ ఒక సంగతి దయచేసి గమనించండి. చుక్కల మందు వేసిన కంటికి కొన్ని గంటల పాటు దగ్గరి అక్షరాలు అలికేసినట్టు ఉంటాయి. కంటి పరీక్ష చేయించుకున్న ఎవరికైనా ఇది తెలుసు. నాకు ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు వచ్చిన పిల్లకి ఆ పూట చదివే చూపు లేదు. ఆ సంతకాలు అలా అయ్యాయి.

ఇంటికొచ్చాక పెట్టె సర్దుతుంటే అమ్మాయి పాత కంటి చీటీలు దొరికాయి. పాలకొల్లులో ఏటేటా చూసే డాక్టరు గారు ఇచ్చినవి. కిందటి అక్టోబరు చీటీలో కుడి కన్ను మైనస్ 4.75 అని ఉంది. ఇప్పుడు 5.5. ఎనిమిది నెలల్లో ముప్పావు పెరిగింది. అనుమానం వచ్చి ఆయన దగ్గరికే తీసుకెళ్ళాను. ఆయన ఆ ఆసుపత్రి వాళ్ళనీ, ఆపరేషన్‌నీ ఒక్క మాట అనలేదు. నాకు అర్థమయ్యేలా చెప్పారు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది, దాన్ని కార్నియా అంటారు, మందం అర మిల్లీమీటరుకి కొంచెం ఎక్కువ. లేజరుతో అందులో కొంత తీసేసి వంపు మారుస్తారు. తీసేసింది మళ్ళీ పెరగదు. పవరు ఇంకా మారుతున్న కంటికి ఈ పని చేస్తే, ఇవాళ సరిపోయిన వంపు రెండేళ్ళకి సరిపోదు, మళ్ళీ జోడు రావచ్చు. అందుకే కనీసం ఏడాది పాటు పవరు నిలకడగా ఉందని చూసుకున్నాకే చేయాలి. "తొందరేముందమ్మా, ఏడాది ఆగండి. అప్పటికీ ఇంతే ఉంటే నేనే పంపిస్తాను" అన్నారు.

అల్లికలో తప్పు పడితే నాలుగు వరసలు విప్పేసి మళ్ళీ అల్లుకుంటాం. దారం ఎక్కడికీ పోదు. కంటి పొర అలా కాదని ఆయన చెప్పాక నాకు ఇంకో ఆలోచన లేకపోయింది. అమ్మాయి కూడా ఒప్పుకుంది. మనసులో బాధపడింది కానీ ఒప్పుకుంది.

ఆ పరీక్షల్లో తీసిన కంటి పటం ఒకసారి చూస్తే మంచిదని పాలకొల్లు డాక్టరు గారు అన్నారు. ఆసుపత్రికి ఫోన్ చేసి కాపీ అడిగితే "సర్జరీ అయ్యాక ఫైలు ఇస్తామండి" అన్నారు. డాక్టర్ల నడవడి గురించి 2002లో మెడికల్ కౌన్సిల్ పెట్టిన నియమాల్లో, రోగి అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని ఉంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే అడిగే తీరు వేరేగా ఉండేది.

జూన్ 28న ఫోన్ చేసి ఆపరేషన్ వద్దన్నాను. ఇంకా ఐదు రోజులుంది. అదే కౌన్సిలర్ ఎత్తింది. మర్యాదగానే మాట్లాడింది. "పర్వాలేదు ఆంటీ, మీ స్లాటు వెయిటింగులో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తాం" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత ఇదే పనికొచ్చింది. మరి డబ్బో అన్నాను. "అడ్వాన్సు నాన్ రిఫండబుల్ అండి. ఫారంలో ఉంది, పాప సంతకం పెట్టింది" అంది. కావాలంటే ఆరు నెలల్లోపు ఎప్పుడైనా వచ్చి ఆపరేషన్ చేయించుకుంటే అందులో తగ్గిస్తామంది. డాక్టరు గారు ఏడాది ఆగమన్నారమ్మా అంటే, "పోనీ మీకు శుక్లాలేమైనా ఉన్నాయేమో చూపించుకోండి, దాంట్లో సర్దుతాం" అంది. నా కళ్ళకి శుక్లాలు లేవు. ఉన్నా, శుక్లాల ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు లేకుండానే చేస్తారు. పిల్ల కంటికి కట్టిన డబ్బు తల్లి కంటికి సర్దుతామనడం ఏం పద్ధతి? డబ్బు ఒకసారి లోపలికి వెళ్ళాక, ఏదో ఒక కన్ను కోస్తేనే బయటికి వస్తుందన్నమాట.

ఆ రాత్రి కరెంటు పోయి వచ్చాక నేను వరండాలో కూర్చుని అల్లుతున్నాను. అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. సంఘం వాయిదా ఎంత, వడ్డీ ఎంత అని నేను మా ఆయనతో అంటున్న లెక్కలన్నీ లోపల్నుంచి వింది. "అమ్మా, పాతిక వేలు ఊరికే పోతాయి కదా. చేయించేసుకుంటాలే. చాలామంది చేయించుకుంటున్నారు, ఏమవుతుంది?" అంది.

ఈ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. జూలై 3న నేను తనని తీసుకెళ్ళి ఉంటే, ఆపరేషన్ ముందు సమ్మతి పత్రం ఇచ్చేవాళ్ళు. అందులో అన్నీ తెలుసుకుని ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నానని ఉంటుంది. మా అమ్మాయి సంతకం పెట్టేది. చూసేవాళ్ళకి అది ఇష్టపూర్వకమే. కానీ ఆ సంతకం పెట్టించేది తన ఇష్టం కాదు, కట్టేసిన పాతిక వేలు. వద్దనే హక్కు మనిషికి బల్ల మీద పడుకునే క్షణం దాకా ఉండాలి. వద్దంటే ఇంత పోతుందని ముందే మెడకి కట్టాక, ఆ హక్కు ఉండి ఏం లాభం?

మా వీధి చివర కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. వరసకి బాబాయి గారు. మర్నాడు పొద్దున్నే కాగితాలన్నీ పట్టుకెళ్ళాను. రశీదు చూశారు. "సర్జరీ అడ్వాన్సు 25,000" అని తప్ప ముందూ వెనకా ఏమీ లేదు. ఫారం ఫొటో ఆసుపత్రి వాళ్ళు వాట్సాప్‌లో పంపారు. భూతద్దం పెట్టి చదివారు. మూడో పేజీ అడుగున, ఇంగ్లీషులో, ఆపరేషన్ మానుకుంటే అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదని ఒక వరస ఉంది.

సంతకం ఉందిగా, ఇంకేం చేస్తాం బాబాయి గారూ అన్నాను. "సంతకం పెట్టినంత మాత్రాన రాసుకున్నదల్లా చెల్లిపోదమ్మా" అన్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షను ఉంది. మాట తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమే. రాసుకున్న అంకె దానికి పైహద్దు మాత్రమే. ఇంకొకటి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. జరిగిన నష్టానికి పొంతన లేనంత జరిమానా వేసే షరతుని అది అన్యాయపు ఒప్పందం కింద లెక్కగడుతుంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఇక సమ్మతి సంగతి. 2008లో సమీరా కోహ్లీ కేసులో, రోగి సమ్మతి స్వచ్ఛందంగా, తగినంత సమాచారం తెలిశాక ఇచ్చినదై ఉండాలని అదే కోర్టు చెప్పింది. ఇవన్నీ ఆయన ఒక తెల్లకాగితం మీద నాకు రాసిచ్చారు. అన్నీ చెప్పి ఒక్క ప్రశ్న అడిగారు. "నువ్వు వద్దన్నందువల్ల వాళ్ళకి పోయిందేమిటి?" స్లాటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారని చెప్పాను. "అయితే ఆ మాటే రాయి" అన్నారు.

జూలై 8న ఉత్తరం రాశాను. తెలుగులోనే. వకీలు భాష ఏమీ లేదు. ఏ రోజు ఎంత కట్టామో, రశీదు నంబరు, ఆపరేషన్ తేదీ, ఎన్ని రోజుల ముందు ఎవరికి ఫోన్ చేసి వద్దన్నామో, ఆవిడ స్లాటు గురించి ఏమన్నారో రాశాను. పాలకొల్లు డాక్టరు గారి చీటీ, పాత చీటీ జత చేశాను. చుక్కల మందు వేశాక సంతకాలు తీసుకున్నారని రాశాను. అడ్వాన్సులోంచి మీరు నిజంగా ఏదైనా పని చేసి ఉంటే దానికి బిల్లు చూపించి తగ్గించుకోండి, మిగతాది 15 రోజుల్లో డబ్బు వచ్చిన ఖాతాలోకే వేయండి అన్నాను. స్పీడ్ పోస్టులో పంపి ఆ రశీదు దాచుకున్నాను. అదే కాగితం ఫొటో తీసి అమ్మాయి ఈమెయిల్ కూడా చేసింది. అప్పటిదాకా పదిసార్లు ఫోన్లు చేశాను, ఒక్కదానికీ ఆనవాలు లేదు. ప్రతిసారీ కొత్త గొంతు, మళ్ళీ మొదట్నుంచి చెప్పుకోవడం. ఉత్తరం వెళ్ళాక మాత్రం వాళ్ళే ఫోన్ చేశారు.

సగం ఇస్తామన్నారు, 12,500. ఇకపై మాకు ఎలాంటి అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం పెట్టి పంపితే వారంలో వేస్తామన్నారు. మా ఆయన తీసేసుకుందామన్నారు. ఆయన రొయ్యల చెరువు మీద పనికి వెళ్తారు, రాత్రిళ్ళు కాపలా. ఈ తలనొప్పి ఎందుకని ఆయన బాధ. నాకు ఒక్క క్షణం అలాగే అనిపించింది. కానీ మిగతా 12,500 ఎందుకు పట్టుకున్నారో ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆలోచించేదాన్ని.

జూలై 24న 1915కి ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు రాసుకుని ఒక నంబరు ఇచ్చారు. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. వాళ్ళకి ఎవరినీ శాసించే అధికారం లేదు. మన ఫిర్యాదుని అవతలివాళ్ళకి పంపి జవాబు అడుగుతారు, అంతే. దానితో తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సిందే. అందుకు బాబాయి గారు కాగితాలు సిద్ధం చేసి ఉంచారు. మనం ఉంటున్న చోటి జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, ఆసుపత్రి ఉన్న ఊరు పోనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే నిలబడొచ్చు. రెండేళ్ళ గడువు ఉంటుంది. ఒప్పందమే అన్యాయమని తేల్చాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలట. మా విషయంలో సేవాలోపం అని జిల్లాలోనే వేద్దామని బాబాయి గారు అన్నారు. అంతదాకా పోలేదు.

ఆగస్టు మొదట్లో ఆసుపత్రి మేనేజరు గారే మాట్లాడారు. ఆయనా కఠినంగా ఏమీ లేరు. "అమ్మా, మీలాగా అందరూ చివర్లో మానుకుంటే మేం ఎలా నడపాలి?" అన్నారు. నేను ఆయనకి మా పని సంగతి చెప్పాను. లేసు వ్యాపారి దారం ఇస్తారు, నమూనా ఇస్తారు, మేం అల్లుతాం. ఒక్కోసారి సగంలో కబురు వస్తుంది, ఆ ఆర్డరు పోయింది, ఆపేయండి అని. అప్పుడు ఏం చేస్తాం? అల్లినంతకి కూలి తీసుకుంటాం, మిగిలిన దారం వెనక్కి ఇచ్చేస్తాం. ఆర్డరు పోయింది కాబట్టి దారం అంతా మాదేనని మేం అనం. అల్లినదానికి కూలి ఇవ్వనని వ్యాపారి అనకూడదు. చదువు లేని ఆడవాళ్ళం వందల మందిమి ఈ లెక్క మీదే బతుకుతున్నాం బాబూ, మీరూ అలాగే చేయండి, మీరు అల్లింది ఎంతో చెప్పండి, అది ఉంచుకోండి అన్నాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆపరేషన్ ప్యాకేజీలో కలిపిన స్కాను ఒకటి ముందే చేశామనీ, దానికి 1,800 అనీ చెప్పారు. బిల్లు పంపమన్నాను, పంపారు. ఒప్పుకున్నాను. ఆగస్టు 19న 23,200 ఖాతాలో పడ్డాయి. రెండు నెలల సంఘం వడ్డీ నా చేతి నుంచే పోయింది. అది అడగలేదు. కంటి పటాల కాపీలు కూడా అదే వారం వచ్చాయి.

ఆసుపత్రుల కష్టం నాకు అర్థం కాక కాదు. ముందు రోజు రాత్రి మానుకుంటే, ఆ మనిషి కోసమే విప్పిన సామాను పాడైతే, ఆ ఖర్చు వాళ్ళ నెత్తిన వేయడం ధర్మం కాదు. బిల్లు పెట్టి తీసుకోవాలి. శుక్లాల ఆపరేషన్‌కి ఫలానా కంటికే సరిపోయే ప్రత్యేకమైన లెన్సు తెప్పిస్తే దాని సంగతీ అంతే. కానీ షుగరు పెరిగిందనో, బీపీ తగ్గలేదనో ఆపరేషన్ ఆగిపోయినప్పుడు కూడా అడ్వాన్సు వదిలేసుకున్న ముసలివాళ్ళు మా చుట్టుపక్కల ఉన్నారు. ఒకావిడ పదివేలు వదిలేసింది. అడగొచ్చని ఆవిడకి తెలియదు. కొడుకులు దూరాన ఉంటారు, వాళ్ళకి చెప్పడానికి మొహమాటపడింది. నేను ఈ మధ్య ఆవిడ ఇంటికి వెళ్ళి రశీదు ఉందా అని అడిగాను. వెతుకుతోంది.

నేను కోరేది పెద్ద చట్టం కాదు. పరీక్షలు చేసిన పూటే, చుక్కల మందు కంట్లో ఉండగా, డబ్బూ సంతకాలూ తీసుకోవడం మానాలి. ఇంటికెళ్ళి ఒక రాత్రి పడుకుని, ఇంకొకరిని అడిగి రానివ్వాలి. ఆ రేటు మర్నాటికి ఎందుకు ఉండదు? కూరగాయలా వాడిపోవడానికి? ఎన్ని రోజుల ముందు మానుకుంటే ఎంత వెనక్కి ఇస్తారో డబ్బు రశీదు మీదే, తెలుగులో, మామూలు అక్షరాల్లో అచ్చు వేయాలి. డాక్టరే చేయకూడదన్నా, ఒంట్లో బాగోక వాయిదా పడినా, చేసిన పరీక్షల ఖర్చు తప్ప మిగతాదంతా అడగకుండానే ఇవ్వాలి. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కి 2002 నుంచి చట్టం ఉంది. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారి కార్యాలయం వాళ్ళు రిజిస్ట్రేషన్ కాగితాలు చూసేటప్పుడు అడ్వాన్సు రశీదు నమూనా కూడా చూపించమని అడిగితే చాలు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రేట్లు తెలుసుకునే హక్కు, రెండో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు, రికార్డుల కాపీలు పొందే హక్కు ఉన్నాయి. రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళిన పాపానికి అడ్వాన్సు పోతే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

చివరిగా మిమ్మల్ని కూడా ఒకటి అడగాలి. మేం ఆ ఆసుపత్రికి వెళ్ళింది మీ పేజీలో ప్రకటన చూసే. ఆ ముక్క ఇంకా నా దగ్గరే ఉంది, ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. తగ్గింపు ఎంతో పెద్ద అక్షరాల్లో ఉంది. మానుకుంటే అడ్వాన్సు ఏమవుతుందో ఎక్కడా లేదు. ఆపరేషన్ల ప్రకటనలు తీసుకునేటప్పుడు ఆ ఒక్క వరసా రాసి ఇమ్మని మీరు అడగలేరా? మీరు అడిగితే రాస్తారు.

రశీదు, బుకింగు ఫారం, నా ఉత్తరం, పోస్టు రశీదు, డబ్బు వెనక్కి వచ్చిన బ్యాంకు పేజీ, అన్నిటి నకళ్ళూ పెట్టాను. ఆసుపత్రి పేరు అచ్చు వేయవద్దు. డబ్బు ఇచ్చేశారు, నాకు వాళ్ళ మీద కక్ష లేదు. అమ్మాయికి పెళ్ళి కావాలి కాబట్టి నా పేరు కూడా వేయవద్దని మనవి. మీకు తెలియడం కోసం వేరే కాగితం మీద రాశాను.

అక్టోబరులో మళ్ళీ పాలకొల్లు తీసుకెళ్ళి పవరు చూపించాలి. ఈసారి చీటీలన్నీ ఒకే కవరులో పెట్టాను. సంఘం అప్పు 20,000 తీర్చేశాను. మిగిలిన 3,200 అమ్మాయి పేరు మీద పోస్టాఫీసులో వేశాను.

ఇట్లు,
ఒక లేసు పనివారు,
నరసాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా